సున్నా ఎవరిది?

ఉయ్యాలవాడ చుట్టుపక్కలదంతా నల్లరేగడి. వానొస్తే చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇలాంటి నేల మీద బంతిని కాలితో దొర్లించడం కంటే మనిషిని పట్టి పడేయడమే సులువు. కాబట్టి ఇక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ గురించి చెప్పాలంటే కబడ్డీ నుంచి మొదలుపెట్టడమే మేలు.

కబడ్డీలో ఈలలు కూతకెళ్ళినవాడికే. మూలన వంగి నిలబడినవాడు మాత్రం ఏమీ చేయనట్టే ఉంటాడు. కూతగాడు అవతలి వైపుకు పోతే ఒక అడుగు జరుగుతాడు, ఇటు తిరిగితే ఒక అడుగు వెనక్కి తగ్గుతాడు. వచ్చినవాడు "ఇక్కడ సందుంది" అనుకుని కాలు చాపిన క్షణాన చీలమండ దొరకబుచ్చుకుంటాడు. ఆ సందు తానుగా వచ్చింది కాదు, అతను పెట్టిందే. ఫుట్‌బాల్ డిఫెండర్ పని కూడా అచ్చంగా ఇదే. తేడా ఒక్కటే, చేతులు వాడకూడదు.

తెలుగు నేల మీద ఈ విద్యకు పెద్ద బడి హైదరాబాద్. బడి అన్నది మాటవరసకు కాదు. ఆ ఆటను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం నిజంగానే బడిపంతులు. 1909లో పుట్టిన ఆయన 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా అయిదుసార్లు ఆ జట్టుకే దక్కింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు వచ్చిన బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనివే. మెల్‌బోర్న్ జట్టులో వెనక వరసన ఆడిన అజీజుద్దీన్, మధ్యలో ఆడిన నూర్ మహమ్మద్ ఈ పోలీసు జట్టు మనుషులే.

రహీం పిల్లలకు రెండు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ముందుకు పోకూడదు, అందగానే ఇంకొకడికి ఇచ్చేయాలి. రెండోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. ఈ పోటీలు ముందువరస ఆటగాళ్ళను తయారు చేశాయని అందరూ రాస్తారు. నన్నడిగితే వాటివల్ల ఎక్కువ రాటుదేలినవాడు వెనకాల నిలబడ్డవాడు.

ఎలాగంటే, డిఫెండర్‌కు మొదటి పాఠం తొందరపడి మీద పడకపోవడం. కాస్త పక్కకు తిరిగి, మోకాళ్ళు వంచి, వచ్చేవాడికి ఒక దారి మూసి ఇంకో దారి తెరిచి ఉంచాలి. మామూలుగా మూసేది వాడి వాటమైన కాలి వైపు. ఎడమ కాలితో బంతిని సరిగ్గా తన్నలేనివాణ్ణి ఎడమ వైపుకే తోలితే సగం పని అయిపోయినట్టే. మరి ఊళ్ళో ప్రతివాడూ రెండు కాళ్ళతో ఆడటం నేర్చుకుంటే? ఆ కిటుకు చెల్లదు. అప్పుడు వాడి కాలిని కాదు, వాడి తలపును చదవాలి. బంతిని ఒక్క తాకుతోనే పంపించేసే జట్టుతో చిక్కు ఇంకోటి. బంతి వెంట పరిగెత్తే డిఫెండర్ ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమే. అందుకని బంతి ఉన్నవాణ్ణి ఓరకంట కనిపెడుతూ, బంతి లేకుండా పరిగెత్తేవాడి మీద చూపు పెట్టాలి.

బూట్ల సంగతి కూడా ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ దాకా మనవాళ్ళలో ఎక్కువమంది వట్టి కాళ్ళతోనే ఆడేవారు. అక్కడ యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాకే బూట్లు తప్పనిసరయ్యాయి. వట్టి కాలు బూటుకు ఎదురు పోలేదు, పోతే వేళ్ళు మిగలవు. కనుక ఢీకొనకుండా బంతి వచ్చే దారిలోకి ముందే చేరడం అలవాటవుతుంది. బూట్లు వచ్చినా ఆ అలవాటు పనికొచ్చేదే.

వెనకాల నలుగురిని నిలబెట్టే పద్ధతి బ్రెజిల్ 1958 ప్రపంచకప్పుతో లోకమంతా పాకింది. నలుగురూ ఒక వరసలో ఉంటారు. ఒకడు ముందుకు దూకితే పక్కవాడు వాడి చోటును కప్పాలి. కబడ్డీలో చేయీ చేయీ పట్టుకున్న జంటను చూసినవారికి ఇది కొత్త కాదు.

ఇంతా చేస్తే పేరు? పంజాబ్ డిఫెండర్ జర్నైల్ సింగ్‌నే చూడండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్‌తో మ్యాచ్‌లో ఆయన తలకు దెబ్బ తగిలింది. రహీం ఆయనను కుట్లతోనే ముందువరసలో ఆడించారు. ఫైనల్లో జర్నైల్ దక్షిణ కొరియా మీద గోలు కొట్టారు. ఏళ్ళ తరబడి ఆయన ఆపిన బంతులు ఎవరికీ గుర్తులేవు, ఆ గోలే కథగా నిలిచింది.

రహీం 1963లో కన్నుమూశారు. ఆ బడి నుంచి వచ్చిన డిఫెండర్లలో ఎక్కువ దూరం వెళ్ళింది సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టి, పోలీసు జట్టులో ఆడి, తర్వాత కలకత్తా వెళ్ళారు. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. అప్పట్లో మన ఆటగాడికి జీతం ఉద్యోగం నుంచే, ఆట దానికి తోడు. ఇది మన పేదరికం అనుకోనక్కర్లేదు. 1950 ప్రపంచకప్పులో ఇంగ్లండును 1–0తో ఓడించిన అమెరికా జట్టు డిఫెండర్ హ్యారీ కియో సెయింట్ లూయిస్‌లో తపాలా ఉద్యోగి. హైదరాబాద్‌లో పోలీసు, అక్కడ పోస్టుమాను, అంతే తేడా. కియో ఆట మానేశాక శిక్షకుడై, సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయాన్ని అయిదుసార్లు జాతీయ విజేతగా నిలబెట్టారు. డిఫెండర్లు మంచి గురువులవడం నాకు వింతనిపించదు. తొంభై నిమిషాలూ మైదానమంతా కళ్ళముందు పెట్టుకుని నిలబడేది వాళ్ళూ, గోల్‌కీపరే కదా.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ భారత జట్టు కెప్టెన్. కాంస్యం కోసం ఎదురైంది జపాన్. రెండేళ్ళ ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. భారత్ 1–0తో నెగ్గింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత పతకం రాలేదు. ఆ ఒకటికి ఎదురుగా మంజిత్ సింగ్ పేరు రాసి ఉంటుంది. సున్నాకు ఎదురుగా పేరు రాసే గడి లేదు.

తర్వాత నయీముద్దీన్ కలకత్తా జట్లకూ, భారత జట్టుకూ, ఢాకా వెళ్ళి బంగ్లాదేశ్ జట్టుకూ ఆట నేర్పారు. శిక్షకుడిగా ద్రోణాచార్య పురస్కారం 1990లో వచ్చింది. ఆటగాడిగా రావలసిన అర్జున ఏడేళ్ళు ఆగి 1997లో వచ్చింది. బ్యాంకాక్ నుంచి లెక్కేస్తే అది ఇరవై ఏడేళ్ళ బాకీ.