రెండు రాళ్లు, ఒక డప్పు

సినిమా చూసొచ్చిన కొన్నాళ్లకు కథ మరిచిపోతాం. ఒక్కో దృశ్యం మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లయినా మనిషిని వదలదు. ఎందుకు వదలదని అడిగితే మన విమర్శకులు కెమెరా పనితనం గురించీ, నటన గురించీ, దర్శకుడి ప్రతిభ గురించీ చెబుతారు. చూసేవాడి కులం గురించి చెప్పరు. ఊళ్లో పుట్టినవాడికీ వాడలో పుట్టినవాడికీ ఒక దృశ్యం ఒకేలా గుర్తుంటుందా? నన్ను వదలని రెండు దృశ్యాలను ముందు పెట్టుకుని ఈ ప్రశ్న అడగదలిచాను. రెండింటిలోనూ ఒక పిల్లవాడు రాయి విసురుతాడు.

మొదటిది 'అంకుర్' (1974) చివరి దృశ్యం. హైదరాబాద్‌లో పుట్టిన శ్యామ్ బెనెగల్ తీసిన మొదటి కథాచిత్రం అది. తెలంగాణ పల్లె. భూస్వామి కొడుకు సూర్య తనకు కులం పట్టింపు లేదంటూ పనిమనిషి లక్ష్మి చేతి టీ తాగుతాడు. ఆమెను లోబరుచుకుంటాడు. కడుపొచ్చాక మొహం చాటేస్తాడు. ఆమె భర్త కిష్టయ్య మూగ, చెవిటి. పని అడుగుదామని అతను వస్తుంటే తనను కొట్టడానికే వస్తున్నాడనుకుని సూర్య కొరడాతో చావబాదుతాడు. లక్ష్మి భర్తను కాపాడుకుని దొరను శాపనార్థాలు పెడుతుంది. అదంతా చూసిన ఒక చిన్న పిల్లవాడు దొర కిటికీకేసి రాయి విసిరి ఉరుకుతాడు. తెరంతా ఎర్రబడుతుంది.

1980ల చివర, నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేస్తే చూశాను. అద్దం భళ్లుమనగానే హాలంతా చప్పట్లు. నేనూ అరచేతులు మండేదాకా కొట్టాను. నా పక్కన కూర్చున్న మిత్రుడిది వందెకరాల ఇల్లు. అతను నాకంటే గట్టిగా కొట్టాడు. అతనిది నటన అని నేననను, నిజంగానే కదిలిపోయాడు. ఆ రాత్రి ఇద్దరం టీ కొట్టు కాడ కూర్చుని తెల్లారేదాకా విప్లవం గురించి మాట్లాడుకున్నాం.

ఆనాడు మాకు తట్టని ప్రశ్న ఒకటుంది. రాయి విసిరిన ఆ పిల్లవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు? వాడికి తల్లి ఉందా? దొర మనుషులు వాడ మీదికి రాలేదా? సినిమా చెప్పదు. వాడికి పేరు కూడా లేదు. 1985 జూలైలో కారంచేడు చెరువు కాడ నీళ్లు మురికి చేయొద్దన్నందుకు ఒక మాదిగ యువకుణ్ణి కొట్టారు. అడ్డుపడ్డ ఒక మాదిగ స్త్రీ తనను కొట్టబోతే బిందె ఎత్తింది. మర్నాడు, 17న, గూడెం మీద పడి ఆరుగురిని చంపారు. ఎత్తిన బిందెకు ఎంత ధర కట్టాల్సి వచ్చిందో ఆ వార్త చదివి కూడా, నేను సినిమాలో రాయికి చప్పట్లు కొట్టి వచ్చాను. ఆ దృశ్యం అబద్ధమని నా వాదన కాదు. ఆ రాయి మా ఇద్దరినీ ఒకే వైపు కూర్చోబెట్టింది, మా మధ్య ఉన్నదాన్ని ఆ పూటకు మాయం చేసింది. అందుకే అది మాకు అంత ఇష్టమైంది.

రెండో రాయి 'ఫాండ్రీ'ది. 2013లో నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన మొదటి కథాచిత్రం. వడ్డెర కులంలో పుట్టిన దర్శకుడు. కథానాయకుడు జబ్యా కైకాడీ పిల్లవాడు. కైకాడీలంటే మన ఎరుకల వాళ్లకు దగ్గరివాళ్లు. వాళ్ల భాషలో ఫాండ్రీ అంటే పంది. మన పందికి చుట్టం మాటే. జబ్యా ఇంటివాళ్లకు ఊళ్లో పందులు పట్టే పని పడుతుంది. తోటి పిల్లలు చూస్తుంటే, తను ఇష్టపడే శాలు చూస్తుంటే, జబ్యా ఆ పని చేయలేక చాటుకు దాక్కుంటాడు. తండ్రి కచ్రు కొడతాడు. పంది దొరికేలోగా బడిలో జాతీయగీతం మొదలవుతుంది. జబ్యా నిలబడిపోతాడు, ఇంటివాళ్లూ నిలబడతారు. పంది ఆగదు, పారిపోతుంది. మళ్లీ వెంటబడి పట్టి, కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేద్కర్, సావిత్రిబాయి ఫూలేల బొమ్మలు. ఎగతాళి చేసే పిల్లలు వెంట వస్తూనే ఉంటారు. చివరికి జబ్యా తిరగబడతాడు. ఆఖరి రాయి నేరుగా కెమెరా మీదికి వస్తుంది. తెర నల్లబడుతుంది.

అందరూ ఆ రాయి గురించే రాశారు. నన్ను పట్టుకున్నది మాత్రం జబ్యా దాక్కోవడం. మా అయ్య ఊరికి చాటింపు వేసేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకనాడు పంచాయతీ పన్ను కట్టాలని డప్పు కొట్టుకుంటూ మా బడి ముందుకొచ్చాడు. క్లాసంతా కిటికీల్లోకి ఎగబడింది. నేను పెన్సిల్ పడిపోయినట్టు బెంచీ కిందికి వంగాను. డప్పు చప్పుడు దూరమయ్యేదాకా లేవలేదు. అయ్య నన్ను వెతుక్కున్నాడో లేదో ఆయన్ని ఎన్నడూ అడగలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మాదిగ యువకులు దండోరా పేరుతో ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, నేను దేన్నుంచి దాక్కున్నానో దాన్నే వాళ్లు జెండా చేశారని గర్వపడ్డాను. సభల్లో మాట్లాడాను. బెంచీ కింది ముచ్చట మాత్రం చెప్పలేదు.

కొన్నేళ్ల కింద మా విద్యార్థులకు 'ఫాండ్రీ' వేశాను. తెర నల్లబడ్డాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పిల్లవాడు లేచి, "సార్, మనమేం చేసినం? రాయి మన మీదికెందుకొచ్చింది?" అన్నాడు. తయారుగా పెట్టుకున్న జవాబు ఉంది నా దగ్గర: ప్రేక్షకుడి స్థానం, ఆధిపత్య చూపు వగైరా. అది చెప్పబోయి ఆగాను. నెల జీతం తీసుకుంటూ, కిష్టయ్య మీద పడ్డ కొరడాను పాఠంగా చెబుతూ, అయ్య డప్పును దాచిపెట్టిన నా మీదికి కూడా ఆ రాయి వచ్చింది కదా! మొదటిసారి పెన్సిల్ సంగతి చెప్పాను.

సాయంత్రం ఒక అమ్మాయి నా గది గుమ్మం కాడ నిలబడింది. "మా అమ్మ ఈ కాలేజీలనే ఊడుస్తది సార్. నేను వేరే గేటు నుంచి వస్త" అంది. ఏం చెప్పాలో తోచలేదు. "కూర్చో బిడ్డా" అన్నాను.

దళిత విమర్శ చేయాల్సిన పని ఇక్కడుందని నా నమ్మకం. ఏ సినిమా మన మీద జాలి చూపింది, ఏది మనల్ని వీరుల్ని చేసింది అనే లెక్కలు చాలానే తీశాం. అవీ అవసరమే. కానీ ఒక దృశ్యం ఎన్నేళ్లయినా పోవడం లేదంటే, అది తెర మీద ఉన్నందుకేనా, మనం ఎక్కడో వంగి దాక్కున్నందుకా అని ఎవరికి వాళ్లం చూసుకోవాలి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి: మీరు ఈ సినిమా వేసినప్పుడు తెర నల్లబడగానే లైట్లు వేయకండి. పిల్లల్ని కాసేపు ఆ చీకట్లో కూర్చోనీయండి. తర్వాత ముందుగా మీరే మాట్లాడండి.