కార్తె ఒక మాట, చేను ఒక మాట

తెలుగు రైతు ఏడాదిని 27 కార్తెలుగా పంచుకున్నాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. రోహిణి మే చివరి వారంలో, మృగశిర జూన్ మొదటి వారం దాటాక, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి. పంచాంగంలో ఇంత కచ్చితంగా రాసిపెట్టి ఉన్నా పల్లె జనం పూలనూ పురుగులనూ చూసుకోవడం ఎందుకు మానలేదు? అలవాటు అని సరిపెట్టుకోలేం. కార్తె లెక్క నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది, రుతువులు భూమి అక్షం వంపును పట్టుకుని నడుస్తాయి. ఆ అక్షం దిశ మెల్లగా మారుతుండటంతో రెండింటికీ సుమారు 71 ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. వెయ్యేళ్లయ్యేసరికి అది దాదాపు ఒక కార్తె అంతవుతుంది. ఏటేటా రుతుపవనాలు తెచ్చే తేడా ఇంకా పెద్దది. పంచాంగం మాటను చేనుతో సరిచూసుకోవడమే ఈ పరిశీలన అసలు పని, దాని విలువ కూడా అక్కడే ఉంది.

ఆరుద్ర పురుగునే తీసుకోండి. ఎర్ర మఖమలు గుండీలా ఉండే ఈ జీవికి ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టం. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపి, తొలకరికి నేల బాగా నానాక పైకి వస్తుంది. అంటే అది రాబోయే వానను చెప్పదు, కురిసిన వాన ఎంత లోతు దిగిందో చెబుతుంది. విత్తే ముందు రైతుకు కావలసిన సమాచారం అదే. వాతావరణ కేంద్రం ఉండగా ఇవన్నీ ఎందుకంటారు కొందరు. ఆ సూచన ఒక ప్రాంతం మొత్తానికి కలిపి వస్తుంది, ఒక్కో చేనుకు కాదు. ఒక చేను తడిసి పక్క చేను పొడిగా మిగిలే ఊళ్లలో రెండూ అవసరమే. తూనీగలు కిందికి దిగితే వాన పడుతుందన్న నమ్మకానికి మాత్రం నేను ఇంత బరువు ఇవ్వను. జరిగినదాన్ని చూపే గుర్తు వేరు, జరగబోయేదాన్ని ఊహించే గుర్తు వేరు.

వానలు గతి తప్పాయి, ఇక కార్తెలతో పనేముందన్నది ఇంకాస్త బరువైన ఆక్షేపణ. గతి తప్పిందని తెలియాలన్నా పాత గతి ఏదో తెలిసుండాలి కదా! మోదుగ ఆకు రాల్చి ఎర్రబారేదెప్పుడు, రేల చెట్టు పసుపు గుత్తులు దించేదెప్పుడు, బతుకమ్మ నాటికి జొన్న చేలల్లో గునుగు ఏ దశలో ఉంది అన్నవి తెలిసినవాళ్లే మార్పును పట్టుకోగలరు. గునుగును చూడటంలోనూ ఒక నేర్పుంది. కంకి కింది పూలు వెలిసి తెల్లబడ్డా కొసన గులాబీ రంగు మిగిలే ఉంటుంది. అది ఎంత మిగిలిందో చూస్తే పూత ఎంత ముదిరిందో తెలుస్తుంది.

అయితే జ్ఞాపకం కుదిరినవాటినే దాచుకుంటుంది, కుదరనివాటిని వదిలేస్తుంది. ఈ సంప్రదాయంలో నిజమైన లోపం ఇదే. దానికి మందు రాసుకోవడం. ఏటా అదే చెట్టు, అదే గట్టు చూడాలి. తొలి మొగ్గ, నిండు పూత, కాయ ఏ తేదీన కనిపించాయో రాయాలి. సీజన్‌వాచ్ కార్యక్రమంలో దేశమంతటా బడి పిల్లలు చెట్లను ఇలాగే గమనిస్తున్నారు. కనిపించనిదాన్నీ రాయాలి. ఆరుద్ర పురుగు రాకపోతే వాన చాలలేదా, నూనె తీయడానికి జనం ఏరుకుపోయారా, మట్టిలోనే చచ్చిపోయిందా అన్నది ఒక్క ఏడాది చూపుతో తేలదు.