గడి వెనక కొట్టం

తెలంగాణ గడుల మీద వచ్చే రాతలు చాలావరకు పెద్ద దర్వాజ దగ్గరే మొదలవుతాయి. టేకు కంబాలు, చెక్కడపు పని, డంగు సున్నం నునుపు, నాలుగు దిక్కులా వసారాలున్న భవంతి. ఈ వరస తప్పదు. కట్టించిన దొర పేరు ఉంటది, కట్టినోళ్ల పేర్లుండవు. 2022లో కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోట పునరుద్ధరణకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. పాత పనితనాన్ని కాపాడొద్దని మేము అనం. మా తగాదా వేరే: గడి అంటే భవంతి ఒక్కటేనా?

వడ్ల గరిసెలు, పాతర్లు, ఎడ్ల కొట్టం, గడ్డివాము, పేడకుప్ప, చుట్టూ ఎత్తు గోడ. ఇదంతా కలిస్తేనే గడి. పుచ్చలపల్లి సుందరయ్య ఇచ్చిన లెక్కలో విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద 1,50,000 ఎకరాలు. అంత భూమికి ఎన్ని మోటలు కావాలె, ఎంత తోలు కావాలె? బొక్కెన, వార్లు, దొర కాలికి చెప్పులు అన్నీ మాదిగలే పైస లేకుండ ఇయ్యాలె. ప్రతి దళిత కుటుంబం ఒక మనిషిని వెట్టికి పంపాల్సిందేనని కూడా ఆయనే రాశారు.

ఆయన వెట్టిని కులాలవారీగా చెప్పారు. తర్వాత చాలామంది దాన్ని 'భూస్వామ్యం' అనే ఒక్క మాటలో కుక్కేశారు. ఇటు దొర, అటు కూలి, ఇద్దరే మిగిలిన్రు. గడి కట్టడం మాత్రం అట్ల లేదు. ఎవరు ఎక్కడిదాక రావాల్నో అది అడుగుల లెక్కన చెప్తది. చాకలి బట్టల మూటతో లోపలిదాక పోవాలె, మాదిగ కొట్టం కాడనే ఆగాలె. గొడ్డు చస్తే ఈడ్చుకపోయేది ఆయనే. ఆ గొడ్డు తోలుతో కుట్టిన చెప్పు భవంతి గడపదాక పోతది, కుట్టిన మనిషి పోడు. వడ్లు కోసి, కొట్టి, తూర్పారబట్టి, బండికెత్తేదాక లేని అంటు గరిసె దగ్గరికి రాంగనే ఎట్ల పుడుతదో శాస్త్రాలు చదివినోళ్లే చెప్పాలె.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు గడి దగ్గరికి రాంగనే దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన్రు, దొడ్డి కొమరయ్య చనిపోయిండు. గడి ముందు జరిగిన ఈ పోరు మన కథల్లోకి, పాటల్లోకి ఎక్కింది, ఎక్కాలె కూడా. వెనక దొడ్డిలో రోజూ జరిగిన బతుకు అంతగా ఎక్కలేదు.

ఇప్పుడు సాక్ష్యమే పోతున్నది. భవంతి సున్నంతో, టేకుతో కట్టింది గనుక నిలబడ్డది. కొట్టం మట్టిగోడలది, నాలుగు వానలకు కూలుతది. నిలిచినదాన్ని మాత్రమే కొలిచి 'గడి నక్ష' అంటే అందులో మా వాళ్లు నిలబడ్డ చోటు ఉండదు. కూలిన కొట్టం పునాదులు, గొడ్లు పోయే వెనక తొవ్వ, అక్కడినుంచి మాదిగవాడ ఎంత దూరమో అన్నీ ఆ నక్షలో గీయాలని అడుగుతున్నాం. వాస్తుశిల్పులకు తెలియకుంటే వాడకు రండి. వెట్టి చేసినోళ్ల పిల్లలు ఇంకా ఉన్నరు, కొట్టం ఎక్కడుండెనో వేలుపెట్టి చూపిస్తరు.