బడి మండలి, బీట్ సభ: షికాగో పనితనం

బడికి వచ్చిన డబ్బును దేనికి ఖర్చు పెట్టాలి? మన పేటలో తిరిగే పోలీసు ముందుగా ఏ పని చూడాలి? ఈ రెండు ప్రశ్నలూ ప్రతి ఇంటికీ సంబంధించినవే. వాటిని తేల్చే చోటు మాత్రం మామూలుగా ఆ ఇళ్ళకు చాలా దూరంలో, ఏ ప్రధాన కార్యాలయంలోనో ఉంటుంది. అమెరికాలోని షికాగో నగరం ఆ చోటును వీధి చివరికి తెచ్చింది. బడుల కోసం 1988లో ఒక చట్టం, పోలీసుల కోసం 1993లో ఒక పథకం వచ్చాయి. వాటి ఫలితాల మీద చాలామంది రాశారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వాటి తయారీ. ఎవరెవరు కూర్చోవాలి, ఎన్ని ఓట్లు రావాలి, ఏది ముందు మాట్లాడాలి, అనుకున్న పని జరక్కపోతే ఏం చేయాలి అన్న చిన్న చిన్న నిబంధనలను ఎంత శ్రద్ధగా కూర్చారో చూస్తే, స్థానిక ప్రజాస్వామ్యానికీ మంచి పనివాళ్ళు కావాలని తెలుస్తుంది.

ముందు బడుల సంగతి. 1987 సెప్టెంబరులో షికాగో టీచర్లు సమ్మెకు దిగారు. 19 రోజులు బడులు నడవలేదు. తల్లిదండ్రుల ఓపిక నశించింది. నవంబరులో అప్పటి అమెరికా విద్యామంత్రి విలియం బెనెట్ వచ్చి, దేశం మొత్తంలో షికాగో బడులే అధ్వానమని అన్నారు. నగరానికి మొట్టమొదటి నల్లజాతి మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ సమ్మె ముగిశాక తల్లిదండ్రులనూ, టీచర్లనూ, వ్యాపారవేత్తలనూ ఒకచోట కూర్చోబెట్టారు. నవంబరు 25న ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన కదలిక మాత్రం ఆగలేదు. తల్లిదండ్రుల సంఘాల ఒత్తిడితో షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ 1988లో చట్టం చేసింది. 1989 అక్టోబరులో మొదటి ఎన్నికలు జరిగాయి. ఐదు వందల పైచిలుకు బడుల్లో ప్రతిదానికీ ఒక లోకల్ స్కూల్ కౌన్సిల్, అంటే బడి మండలి, ఏర్పడింది.

ఆ మండలి కూర్పును కాస్త దగ్గర్నుంచి చూద్దాం. 1988 చట్టం ప్రకారం మొదట్లో చిన్న పిల్లల బడికి పదకొండు మంది సభ్యులు: ఆరుగురు తల్లిదండ్రులు, బడి పరిసరాల్లో కాపురముండేవాళ్ళు ఇద్దరు, టీచర్లు ఇద్దరు, ప్రిన్సిపల్. హైస్కూలైతే ఒక విద్యార్థి కూడా ఉండేవారు. అధ్యక్ష స్థానం తల్లిదండ్రుల్లో ఒకరికే దక్కాలి. పదకొండు మందిలో ఆరుగురు తల్లిదండ్రులంటే పెత్తనం వాళ్ళదేనని వెంటనే అనిపిస్తుంది. కానీ అతి ముఖ్యమైన నిర్ణయం దగ్గర, అంటే కొత్త ప్రిన్సిపల్‌ను ఎంచుకునే దగ్గర, చట్టం ఏడు ఓట్లు అడిగింది. తల్లిదండ్రులు ఆరుగురూ ఒక్కమాట మీద నిలబడ్డా చాలదు. ఒక టీచరునో, ఒక ఇరుగుపొరుగు మనిషినో ఒప్పించి తీరాలి. మిగతావాళ్ళు మాత్రం తల్లిదండ్రులు లేకుండా అడుగు వేయలేరు. బ్యాంకు లాకరు రెండు తాళంచెవులు పడితేనే తెరుచుకున్నట్టు, ఇక్కడ బడి తలుపు రెండు వర్గాలు కలిస్తేనే తెరుచుకుంటుంది. మాట్లాడుకోండని చట్టం ఎక్కడా ఉపదేశించలేదు. మాట్లాడుకోక తప్పని లెక్క ఒకటి పెట్టి ఊరుకుంది.

ఎంతకీ ఏడు ఓట్లు రాకపోతే ఏం చేయాలి? దానికీ దారి ఉంచారు. మండలి ముగ్గురి పేర్లు వరసగా రాసి పైఅధికారికి పంపాలి. ఆయన ఆ ముగ్గురిలో ఒకరిని ఎంచాలి. పేచీ పడితే చివరి మాట చేజారుతుందన్న భయం అందర్నీ రాజీ వైపు నడిపిస్తుంది. అలాగని బడి ప్రిన్సిపల్ లేకుండా ఉండిపోదు. అంతకుముందు ప్రిన్సిపల్ పదవి ఒకసారి దొరికితే శాశ్వతం. ఈ చట్టంతో అది నాలుగేళ్ళ కాంట్రాక్టుగా మారింది. ఏటా పనితీరు బేరీజు వేసేదీ మండలే.

ఓటర్ల జాబితాలో మరో మెలకువ ఉంది. ఈ ఎన్నికల్లో ఓటు వేయడానికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. పిల్లవాడు ఆ బడిలో చదువుతుంటే, లేదా ఆ పరిసరాల్లో నివాసముంటే చాలు. పిల్సెన్, లిటిల్ విలేజ్ లాంటి మెక్సికన్ పేటల్లో దీని విలువ తెలుస్తుంది. నగరపాలక ఎన్నికల్లో గొంతు లేని తల్లి, తన పిల్లవాడి బడి విషయంలో ఓటు వేయగలదు, పోటీ చేయగలదు, గెలిస్తే ప్రిన్సిపల్ ఎదుట కూర్చుని లెక్క అడగగలదు.

ఇక డబ్బు. పేద పిల్లల కోసం రాష్ట్రం ఇచ్చే నిధులను అంతకుముందు ప్రధాన కార్యాలయం తన మామూలు ఖర్చుల్లో కలిపేసుకునేది. కొత్త చట్టం ఆ నిధులను కొన్నేళ్ళలో అంచెలంచెలుగా నేరుగా బడులకు మళ్ళించింది. ఏ బడిలో పేద పిల్లలు ఎక్కువో ఆ బడికి ఎక్కువ. దాంతో మండలి చర్చకు బరువొచ్చింది. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించడానికి ఇంకో టీచరును తీసుకుందామా, బడి వదిలాక ట్యూషన్ పెడదామా, లైబ్రరీ బాగుచేద్దామా, బొమ్మలు నేర్పే మాస్టారిని పెట్టుకుందామా అన్నవి ఇప్పుడు నిజమైన ప్రశ్నలు. ఇక్కడ వరస కూడా ఆలోచించి పెట్టిందే. ముందు బడి అభివృద్ధి ప్రణాళిక, ఆ తర్వాతే బడ్జెట్. రెండింటినీ తయారుచేసేది ప్రిన్సిపల్, ఆమోదించేది మండలి. డబ్బు గురించి ఎవరు నోరు తెరిచినా, ఏ లక్ష్యం కోసమో ముందు చెప్పాల్సిందే.

పోలీసుల వైపు పనితనం వేరే రకం. దీనికి చట్టం లేదు, ఎన్నిక లేదు. క్యాప్స్ అనే పేరుతో 1993 ఏప్రిల్‌లో ఇంగిల్‌వుడ్, ఆస్టిన్, రోజర్స్ పార్క్ వగైరా ఐదు పోలీసు జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, రెండేళ్ళలో ఊరంతా పాకింది. నగరాన్ని 279 బీట్లుగా విడగొట్టారు. ఒక్కో బీట్‌లో సుమారు పదివేల జనం. ఆ బీట్‌కు కేటాయించిన పోలీసులు అక్కడే ఉండాలి, మనుషుల్నీ వీధుల్నీ ఎరగాలి. చెప్పడం తేలికే, కానీ ఊళ్ళో ఎక్కడ అలజడి జరిగినా అక్కడికి పరుగెత్తాల్సిన పోలీసుకు తన వీధి ఎప్పటికి తెలుస్తుంది? ఈ చిక్కును కాల్స్ అందుకుని కార్లను పంపే గదిలో విప్పారు. అత్యవసర పిలుపులకు వేరే కార్లు పెట్టి, బీట్ కారును వీలైనంతవరకు దాని హద్దు దాటనివ్వకుండా పంపే పద్ధతినే మార్చారు. బయటివాళ్ళకు కనబడని ఈ మార్పు లేకపోతే మిగతాదంతా ప్రచారంగా మిగిలేది.

నెలకోసారి బీట్ సభ జరిగేది. చర్చిలోనో, పార్కు భవనంలోనో, బడి హాల్లోనో సాయంత్రం పూట ఇరవై ముప్పై మంది చేరేవారు. ఆ నెల ఎక్కడెక్కడ నేరాలు జరిగాయో చూపే కాగితాలు పోలీసులు పంచేవారు. అక్కడి చర్చకు ఐదు మెట్లు పెట్టారు: సమస్యల్లో ముఖ్యమైనదాన్ని ఎంచడం, అది ఎందుకు వస్తోందో విడదీసి చూడడం, ఉపాయం ఆలోచించడం, అమలు చేయడం, చివరికి ఫలితం చూసుకోవడం.

ఒక మూల మీద మత్తుమందు అమ్ముతున్నారనుకుందాం. మామూలుగా జనం అనే మాట ఒక్కటే: పట్టుకెళ్ళండి. పోలీసులు పట్టుకెళితే మర్నాటికి ఇంకొకడు నిలబడతాడు. రెండో మెట్టు ఇక్కడ పనికొస్తుంది. అమ్మేవాడు, బాధపడేవాడు, జరిగే చోటు, ఈ మూడింటినీ విడివిడిగా చూడమంటుంది. చోటు దగ్గర ఆగితే అందరికీ ఏదో ఒక పని కనబడుతుంది. వీధి దీపం వెలగడం లేదు. వదిలేసిన కారు ఒకటి నెలలుగా పడి ఉంది. పక్క ఇంటి యజమాని అద్దె తీసుకోవడమే తప్ప అటు తిరిగి చూడడు. వీటిలో ఒక్కటీ పోలీసు ఒంటిచేత్తో చేసే పని కాదు. అందుకే బీట్ పోలీసు ఒక ఫారం నింపి పంపితే, దీపం, కారు, గోడల మీది రాతల సంగతి చూసే నగరపాలక శాఖలు ఆ పనికి ప్రాధాన్యం ఇవ్వాలని ఏర్పాటు చేశారు. కేసు కోర్టుకు వెళితే పేటవాళ్ళు గుంపుగా వెళ్ళి కూర్చుంటారు, ఈ వ్యవహారం మీద మా కన్నుందని న్యాయమూర్తికి తెలిసేలా. మళ్ళీ నెల సభలో అనుకున్నదేమైందో అడగాలి. ఈ సభలకు ఆయువుపట్టు ఆ ఐదో మెట్టే. పోలీసు ఏం చేశాడో పేట అడుగుతుంది, దీపం గురించి ఫోన్ చేస్తానన్న పెద్దమనిషి చేశాడో లేదో అందరూ కలిసి అడుగుతారు.

పేదపేటల జనానికి సభలకు వచ్చే తీరికెక్కడిదని చాలామంది అనుకున్నారు. ఈ పథకాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆచార్యుడు వెస్లీ స్కోగన్ బృందానికి కనిపించింది వేరు. నేరాలు ఎక్కువగా ఉన్న నల్లజాతి పేటల నుంచే జనం ఎక్కువగా వచ్చారు. తలుపు తట్టే సమస్య ఉన్నవాళ్ళకు ఫలితం ఉంటుందనిపిస్తే సాయంత్రం ఖాళీ చేసుకుంటారు. లాటినో కుటుంబాలు, అద్దె ఇళ్ళవాళ్ళు మాత్రం తక్కువగానే వచ్చారు. ఆ లోటును పరిశోధకులు దాచలేదు.

ఆర్కన్ ఫంగ్ అనే రాజనీతి పండితుడు బడి మండలినీ బీట్ సభనూ పక్కపక్కన పెట్టి 2004లో ‘ఎంపవర్డ్ పార్టిసిపేషన్’ అనే పుస్తకం రాశారు. కింద స్వేచ్ఛ, పైన నిఘా రెండూ ఉండాలన్నది ఆయన వాదం. పేటను దాని మానాన వదిలేస్తే గొంతు పెద్దవాడిదే రాజ్యం అవుతుంది. కలిగినవాళ్ళూ లేనివాళ్ళూ పక్కపక్కన బతికే బీట్‌లో సభను క్రమంగా నడిపే మనిషి ఉంటే, లేనివాళ్ళ వైపు సమస్య కూడా ముందు వరసలోకి వస్తుందని ఆయన చూపించారు. షికాగో కూడా ఈ పాఠాన్ని పని చేస్తూనే నేర్చుకుంది. 1995 చట్టం మండలి సభ్యులకు మూడు రోజుల శిక్షణ తప్పనిసరి చేసింది. వెనకబడ్డ బడుల్లో జోక్యం చేసుకునే అధికారం పైవాళ్ళకిచ్చింది. 1996లో 109 బడులను అలా ప్రత్యేక పర్యవేక్షణలో పెట్టారు.

బడి డబ్బు, పోలీసు, రెండూ ఒకే బల్ల మీదికి వచ్చిన సందర్భం 2020 వేసవి. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపిన తర్వాత బడుల్లో పోలీసులుండాలా అన్న ప్రశ్న నగరమంతా రగిలింది. పోలీసుల సేవలకు విద్యాశాఖ ఒప్పందం విలువ 3.3 కోట్ల డాలర్లు. ఏ బడికి ఆ బడే తేల్చుకోవాలని నిర్ణయించి, పోలీసులున్న 72 బడుల మండలుల ముందు ప్రశ్న పెట్టారు. 17 మండలులు వద్దన్నాయి, 55 ఉంచమన్నాయి. మరుసటి ఏడు వద్దనుకున్న బడులకు ఆ డబ్బులో కొంత కౌన్సెలర్లు, ఇతర భద్రతా ఏర్పాట్ల కోసం మళ్ళించుకునే వీలిచ్చారు. అప్పుడు చర్చ మారింది. పోలీసు కావాలా వద్దా అన్న వాదం కాస్తా, ఈ డబ్బుతో మన పిల్లల్ని ఎలా కాపాడుకుందాం అన్న ఆలోచన అయింది. 2024 ఫిబ్రవరిలో విద్యా బోర్డు అన్ని బడుల నుంచీ పోలీసులను తీసేయాలని తీర్మానించింది. ఆ తీర్మానం సరైనదే కావచ్చు. కానీ మండలి చేతిలోంచి నిర్ణయం తీసుకున్నారు కాబట్టి, ఒక్కో బడిలో జరిగిన ఆలోచన విలువ తగ్గిందనే నేను నమ్ముతాను.

ఇంత మంచి చట్రమైనా పోషణ లేకపోతే నిలవదు. క్యాప్స్‌కు నిధులు, సిబ్బంది తగ్గుతూ పోయి, సభలు ఉత్తుత్తి ఫిర్యాదుల కూటములయ్యాయి. లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే కుర్రవాడిని పోలీసు కాల్చి చంపిన దృశ్యం బయటపడ్డాక వేసిన సంఘం, క్యాప్స్ ఏళ్ళ తరబడి నిర్లక్ష్యానికి గురైందని 2016లో తేల్చింది. షికాగో దాన్ని వదిలేయకుండా ఇంకోసారి గట్టిగా కట్టింది. 2021 ఆర్డినెన్సుతో 22 పోలీసు జిల్లాలకు ముగ్గురేసి సభ్యుల మండలులు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో జనం 66 మందిని ఎన్నుకున్నారు. అంతకుముందు పోలీసు దయమీద నడిచిన సభకు ఇప్పుడు ఓటు బలం చేరింది.

తెలుగు పాఠకులకు ఇదంతా పరాయి సంగతి కాదు. మన విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 21 ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు. సెక్షన్ 22 బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీ చేతికిచ్చింది. కూర్పు చూస్తే షికాగో కన్నా మనదే ఉదారం. అయితే ప్రధానోపాధ్యాయుడి ఎంపికలో ఆ కమిటీకి ఓటు లేదు. పోయిన సమావేశంలో అనుకున్నది ఏమైందని అడిగి తీరాలన్న నియమం ఆ సెక్షన్లలో కనబడదు. ఎవరు కూర్చోవాలో చక్కగా రాసుకున్నాం. కూర్చున్నవాళ్ళ చేతిలో ఏ నిర్ణయం పెట్టాలో, వచ్చే నెల ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలి. సంతకాల కోసం పిలిచే సమావేశానికి ఏ తల్లీ కూలి మానుకుని రెండోసారి రాదు. తన మాటతో ఒక టీచరో, ఒక వీధి దీపమో వస్తుందని తెలిస్తే వస్తుంది. షికాగో పేదపేటలు దాన్ని రుజువు చేశాయి.