ధర ఉండాల్సిన చోట తిట్టు

శ్రీరామనవమి పందిట్లో పానకం గ్లాసు పట్టుకుని కూర్చుంటే మైకులో వరసగా రామదాసు కీర్తనలు వస్తుంటాయి. చిన్నప్పుడు ఒకసారి మా ఊరి రామాలయంలో భజన వాళ్లు ‘ఇక్ష్వాకు కులతిలక’ అందుకున్నారు. పాట సగం దాటాక నాకు అనుమానం వచ్చింది. పక్కనున్న నాయనమ్మ చెవిలో, “దేవుణ్ణి తిడుతున్నారేంటి నాయనమ్మా?” అన్నాను. ఆవిడ చేతి తాళం ఆపకుండానే, “తిట్టే చనువున్నోడు తిడతన్నాడు. చివరిదాకా విను” అంది.

ఆ ‘చివరిదాకా’ అన్న మాట విలువ తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఏ నలుగురు కూర్చున్నా తిట్ల సంగతి వస్తోంది. పిల్లల చేతిలో ఫోను, ఫోను నిండా బూతు. సినిమా హీరో కోసం తిట్టుకుంటారు, పార్టీ కోసం తిట్టుకుంటారు, క్రికెట్ కోసం తిట్టుకుంటారు. ఎవరి మీద కోపమొచ్చినా ముందు వాళ్ల అమ్మ పేరే ఎత్తుతారు. తిట్టు నోట రాకూడదనేవారు కొందరు. మనసులో ఉన్నది ఉన్నట్టు అనేయడమే నిజాయితీ అనేవారు ఇంకొందరు. వీళ్లిద్దరితోనూ నాకు పేచీ ఉంది. తెలుగులో మందలింపు వేరు, చీవాట్లు వేరు, దెప్పు వేరు, ఎత్తిపొడుపు వేరు, నిష్ఠూరం వేరు, శాపనార్థం వేరు, బూతు వేరు. ఇన్ని పేర్లు పెట్టుకున్న భాషలో అన్నిటినీ ఒకే గాటన కట్టేసి తప్పా ఒప్పా అని అడిగితే ఏం జవాబు చెబుతాం? ఒక మంచి తిట్టును తీసుకుని, అది ఎలా తయారైందో విప్పి చూస్తే కొంత తెలుస్తుంది. నాకు తెలిసినంతలో రామదాసు తిట్టుకు మించిన పనితనం మన భాషలో లేదు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న, ఊరు ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధాని, అక్కన్న ఆయన సోదరుడు. వాళ్లిద్దరూ గోపన్నకు మేనమామలు. ఆ అండతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి, దేవుడికి నగలు చేయించాడు. ఖజానాకు చేరాల్సిన సొమ్ము చేరలేదు. గోల్కొండ కోటలో ఖైదు పడింది. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని సంప్రదాయం. ఆ చెరసాల ఇదేనని కోటలో ఇప్పటికీ ఒక చీకటి గది చూపిస్తారు. గోడ మీది సీతారామలక్ష్మణుల బొమ్మలు ఆయన చెక్కినవేనని చెబుతారు. తానీషా గద్దెనెక్కింది 1672లో, కోట ఔరంగజేబు చేతికి పోయింది 1687లో. గోపన్న చెర కథ ఆ ఏలుబడి నాటిది.

అలాంటి గదిలో ఉన్నవాడు పాట కడితే ఏడుపుతో నిండిపోవాలి. గోపన్న మాత్రం ‘ఇక్ష్వాకు కులతిలక’లో లెక్క చెప్పడానికి కూర్చున్నాడు. ప్రాకారం కట్టించాను, ఇంత అయింది. భరతుడికి పచ్చల పతకం చేయించాను, ఇంత అయింది. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం. ఒక్కో చరణం ఒక్కో పద్దు. ఖరీదు కొన్నిటికి వరహాల్లో, కొన్నిటికి మొహరీల్లో, మాటిమాటికీ పదివేలు. తహసీల్దారు ఉద్యోగం చేసినవాడి చేయి అలవాటు పాటలోకీ వచ్చింది. తన మీద ఉన్న నేరారోపణే సొమ్ము లెక్క తేలలేదని. ఆ లెక్కనే తెచ్చి, ఎవరి కోసం ఖర్చయిందో ఆయన ముందు పెట్టాడు.

నగల పద్దులన్నిటిలో ఒకే క్రియ: ‘చేయిస్తి’. ‘చేయించితిని’ అని పుస్తకాల భాషలో చెప్పలేదు. పోతి, వస్తి, తింటి అని రాయలసీమలో, తెలంగాణలో ఈనాటికీ ఇళ్లలో మాట్లాడుకునే తీరు అది. సీతమ్మ మెడలోకి చేయించిన నగకు పెట్టిన పేరు చూడండి. చింతాకు ఆకారంలో ఉంటుంది గనుక చింతాకు పతకం. చింతచెట్టు కింద ఆడుకున్న ప్రతి పిల్లకూ తెలిసిన ఆకు. పాటంతా ఈ ఇంటి మాటల్లో నడిచింది గనుకనే, తర్వాత వచ్చే తిట్టు కూడా ఇంటి తిట్టులా వినిపిస్తుంది.

తమ్ముళ్ల పద్దులయ్యాయి, ఇల్లాలి పద్దు అయింది. ఇక మిగిలింది అసలు మనిషి. రాముడికి కలికితురాయి చేయించానంటాడు. ఇక్కడిదాకా విన్న చెవి తర్వాత వచ్చేది ధరేనని ఎదురుచూస్తుంది. ఇంకో పదివేలు వస్తాయని తాళం కూడా సిద్ధంగా ఉంటుంది. అక్కడ ధర రాదు. ఎవరబ్బ సొమ్మనుకుని కులుకుతూ తిరుగుతున్నావని నిలదీత వస్తుంది. ధర ఉండాల్సిన చోట తిట్టు కూర్చుంది! అన్ని చరణాలుగా చెవికి ఒక అలవాటు చేసి, సరిగ్గా ఎక్కడ తప్పించాలో అక్కడ తప్పించాడు. లెక్క చెప్పీ చెప్పీ గొంతు పూడుకుపోయి, ఆ ఒక్క అంకె మాత్రం నోట రాలేదేమో అనిపిస్తుంది. నేను ఎన్నిసార్లు విన్నా ఆ చోటికి వచ్చేసరికి వెన్ను నిటారుగా అవుతుంది.

‘కులుకు’ అన్న మాట ఏరుకున్న తీరు ఇంకో గొప్ప. కొత్త పెళ్లికొడుకు అత్తారి బట్టలు కట్టుకుని వీధిలో తిరిగితే అంటాం, కులుకుతున్నాడని. ఆ మాటలో కోపం ఉంది, ముచ్చట కూడా ఉంది. తురాయి పెట్టుకున్న రాముడు అందంగా లేడని గోపన్న అనలేదు. అందంగా ఉన్నాడు గనుకే కడుపు మండింది. తాను చేయించిన నగ ఆ తలకు అంత నప్పడం చూసి మురిసిన కళ్లే ఇప్పుడు దెబ్బలకు చెమరుస్తున్నాయి.

వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు. ఈ నగ నీ తండ్రి దశరథుడు పెట్టాడా, లేక మామ జనకుడు పంపాడా అని. మన ఇళ్ల సంగతి తెలిసినవారికి ఈ ప్రశ్న ఎంత లోతుగా దిగుతుందో వేరే చెప్పక్కర్లేదు. మగవాడి ఒంటి మీదికి బంగారం రావాలంటే పూర్వం రెండే దారులు. తండ్రి పెట్టాలి, లేదా మామగారు అల్లుడికి పెట్టాలి. ఈ రెండూ కాదని తేలితే ఆ నగ ఎవరి చెమటదో ఒప్పుకోక తప్పదు. చక్రవర్తి కొడుకు, మరో రాజుకు అల్లుడు. ఆ రెండు గొప్పలనూ ఎత్తి చూపి, నీ ఒంటి మీదున్నది మాత్రం ఈ ఖైదీ పెట్టిందే అని గుర్తు చేశాడు. ఒక్క అసభ్యమైన అక్షరం లేదు. అయినా ఇంతకంటే గట్టిగా తగిలే మాట ఇంకొకటి నాకు తోచదు.

ఈ తిట్టు ఎవరెవరిని ముట్టుకోలేదో చూస్తే దీని తయారీ ఇంకా బాగా తెలుస్తుంది. కౌసల్య పేరు లేదు. సీతమ్మ నగ లెక్కలోకి వచ్చింది గానీ, ఆవిడ మీద చిన్న మాట పడలేదు. తమ్ముళ్లదీ అంతే. కులం సంగతైతే, పల్లవిలోనే ఇక్ష్వాకు కులానికి తిలకమని మొక్కి మొదలుపెట్టాడు. తగవు రామచంద్రుడితో మాత్రమే. ప్రతి పద్దు చివరా ‘రామచంద్రా’ అని పిలుస్తూనే ఉన్నాడు. తిట్టిన చరణం కూడా ఆ పిలుపు దగ్గరే ఆగుతుంది.

నాయనమ్మ విను విను అన్న చివరి భాగం తర్వాత వస్తుంది. తిట్టానని నొచ్చుకోకు, ఈ దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను అంటాడు. నేలమాళిగలో తన్నులు తింటున్నవాడు, పట్టెమంచం మీదున్న దేవుడు నొచ్చుకుంటాడేమోనని బెంగపడుతున్నాడు! ఈ చరణంలోనూ ‘అబ్బ’ అన్న మాట వస్తుంది. ముందు వచ్చినప్పుడు అది తండ్రిని ఎత్తిన అబ్బ. ఇప్పుడు నా చెవికి అది దెబ్బ తగిలినప్పుడు నోట వచ్చే అబ్బలా వినిపిస్తుంది. నొప్పి పుడితే తెలుగువాడు అరిచేది అబ్బా అనో, అమ్మా అనో. తిట్టుకు వాడిన మాటనే మూలుగుకూ వాడి, ఆ తిట్టు ఏ నొప్పిలోంచి వచ్చిందో చూపించాడు. తర్వాత ముద్ర చరణం, నన్ను ఏలుకో అన్న వేడుకోలు, పాట ముగింపు. తిట్టు అరక్షణం మెరిసి ఆగిపోయింది. ముందు పొడవాటి లెక్క, వెనక మన్నింపు, నడుమ రెండంటే రెండు చరణాల కోపం.

తెలుగువాళ్ల తిట్లలో ఇంకో పెద్ద కుటుంబం ఉంది, శాపనార్థాలు. నీ ముఖం మండ, నీ దుంప తెగ, నీ నోట్లో మన్ను పడ. క్రియను ‘అ’కారంతో విడిచిపెట్టి, కీడు కోరుకునే వ్యాకరణం ఒకటి మన ఆడవాళ్ల నోట తయారై ఉంది. దుంప అంటే వేరు. వంశం వేరుతో సహా తెగిపోవాలనే భయంకరమైన కోరిక అది. వాడగా వాడగా పదును పోయి, మనవడి అల్లరికి మురిసిపోయే మాటగా మిగిలింది. మా నాయనమ్మకు ఇంకా పెద్ద కోపం వస్తే “నీ ఇల్లు బంగారం కాను” అనేది. కోపం తిట్టులోకి దిగబోతుంటే ఆఖరి క్షణంలో మాటను దీవెనకు మళ్లించే నేర్పు అది. దాన్ని కనిపెట్టిన తల్లి ఎవరో గానీ, ఆవిడకు దణ్ణం పెట్టాలి. గోపన్న ఈ దారి కూడా తొక్కలేదు. కీడు కోరే క్రియ ఒక్కటీ వాడలేదు. శాపం పెడితే ఎదుటివాడు జవాబు చెప్పడానికేమీ ఉండదు. గోపన్నకు కావలసింది జవాబు, అందుకే ప్రశ్నలు వేశాడు.

బూతు దగ్గర నాకు కనిపించేది ఈ పనితనం లేకపోవడమే. గోపన్న తిట్టును పేరు మార్చి ఇంకొకరి మీద వేయండి, అతకదు. దశరథుడి కొడుకై, జనకుడి అల్లుడై, ఆ తురాయి పెట్టుకున్నవాడికే అది సరిపోతుంది. బూతు ఎవరి మీదైనా వేయొచ్చు. ఎవరి కొలతా తీసుకోకుండా కుట్టిన చొక్కా లాంటిది. పైగా అది తగలాల్సిన మనిషికి తగలదు. గొడవ ఇద్దరు మగవాళ్ల మధ్య, మాట పడేది ఇంట్లో అన్నం వండుతున్న తల్లి మీద. మనం తేలిగ్గా వాడే ‘వెధవ’ విధవ అన్న మాటే. మొగుడు పోయిన ఆడమనిషి దుఃఖాన్ని తెచ్చి, పని చేతకాని మగవాడికి పేరు పెట్టాం. ‘ముండ’ వెనక గుండు చేయించిన తల ఉంది. ఆ మాటలు నా నోటా దొర్లేవి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలిశాక మానేశాను. మానేస్తే కోపం తగ్గలేదు, ఎవరి మీద ఎందుకు కోపమో వెతుక్కుని చెప్పాల్సి వచ్చింది.

చట్టం సంగతి రెండు మాటల్లో. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ‘కాలేజ్ రొమాన్స్’ అనే వెబ్ సిరీస్ కేసులో, బూతుమాటలు ఉన్నంత మాత్రాన అది అశ్లీలం కింద నేరం కాదని తీర్పు చెప్పింది. పదిమంది కంటపడే చోట ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషించడం మాత్రం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. రెండూ సరైనవేనని నా అభిప్రాయం. మొరటు మాటకు జైలు అక్కర్లేదు. మనిషి పుట్టుకనే తిట్టుగా మార్చడానికి మాత్రం ఏ చనువూ సరిపోదు.

దేవుణ్ణి నిందించి కొలిచిన తెలుగు కవి గోపన్న ఒక్కడే కాదు. కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరపు శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువును ‘ఆంధ్రనాయక శతకం’లో నిందాస్తుతితో ముంచెత్తాడు. గోగులపాటి కూర్మనాథకవి సింహాచలం నరసింహుణ్ణి శతకం పొడవునా కడిగేశాడు. చాటుపద్యాల్లో తిట్టుకవులకు ఒక వరసే ఉంది. వాళ్ల పద్యాల బిగి వేరు, చమత్కారం వేరు. అయినా నేను గోపన్న దగ్గరికే తిరిగి వస్తాను. తిట్టినందుకు తానే ముందు నొచ్చుకున్నవాడు వాళ్లలో నాకు కనిపించలేదు.

త్యాగరాజు తన కృతిలో రామదాసు చెర వీడిన సంగతి తలుచుకున్నాడు. బాలమురళీకృష్ణ గొంతులో ఈ కీర్తనలు ఇంటింటికీ చేరాయి. ఎవరు పాడింది విన్నా సరే, తురాయి చరణం దగ్గర ఆపేయకండి, మన్నింపు చరణం దాకా వినండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. దేవుణ్ణి తిట్టొచ్చా అని అడిగితే, మా నాయనమ్మ చెప్పిన జవాబే చెప్పండి.

భద్రాచలం వెళ్లినప్పుడు రామదాసు చేయించినవిగా ఆలయం వారు చూపించే నగల ముందు కాసేపు నిలబడండి. చింతాకు పతకం ఉంటుంది, పచ్చల పతకం ఉంటుంది. వాటి ఖరీదు పాటలో దొరుకుతుంది. కలికితురాయి ఖరీదు మాత్రం పాటలో లేదు.