గడపకు ఇవతలి సొమ్ము

నెల్లూరు టౌనులో 20 లక్షలకు ఒక చిన్న ఫ్లాటు బేరం కుదిరిందనుకుందాం. 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. 18 లక్షలు బ్యాంకు ఇస్తుంది, 2 లక్షలు మనం పెట్టుకోవాలి. అంతటితో అయిపోదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి ఏడున్నర శాతం. అంటే ఇంకో లక్షన్నర. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. 10 లక్షల లోపు ఇళ్లకే ఆ సడలింపు ఉంది. లీగల్ ఒపీనియను, వాల్యుయేషను, డాక్యుమెంటు రైటరు ఖర్చులు సరేసరి. నెలనెలా పదిహేను వేలు వాయిదా కట్టగల సత్తా ఉన్న మనిషి కూడా ఈ మూడున్నర లక్షల దగ్గర నిలబడిపోతాడు. ఆ లోపు కట్టే అద్దె ఎటూ పోతూనే ఉంటుంది.

పేదలకు, దిగువ మధ్యతరగతికి ప్రభుత్వాలు ఇచ్చే ఇంటి సాయాల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఎంత ఇచ్చారన్నదే పోలుస్తారు. ఒకరు లక్షా ఎనభై వేలు, ఇంకొకరు నాలుగు లక్షలు, పక్క రాష్ట్రం ఐదు లక్షలు. ఎన్నికల వేదికల మీద ఆ లెక్క చాలు. ఇల్లు కట్టుకునే మనిషికి మాత్రం సొమ్ము ఏ రోజు చేతికొస్తుందన్నది దానికంటే పెద్ద ప్రశ్న. నెల్లూరు తీరంలో జనం చూసిన మూడు పథకాలను ఆ ఒక్క ప్రశ్న దగ్గర పక్కపక్కన పెట్టి చూస్తే, బాగా పేరున్న పథకాలు కొన్ని తేలిపోతాయి, అందరూ తిట్టిన పథకంలో ఒక మంచి ఆలోచన కనిపిస్తుంది.

ముందు కేంద్రం వడ్డీ రాయితీ. 2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో, 6 లక్షల దాకా రుణం మీద ఆరున్నర శాతం వడ్డీ రాయితీ ఉండేది. దాన్ని ఒకేసారి లెక్కగట్టి గరిష్ఠంగా 2.67 లక్షలు జమ చేసేవారు. ఎక్కడ? రుణఖాతాలో. అంటే రుణం మంజూరై, రిజిస్ట్రేషనై, వాయిదాలు మొదలయ్యాక. 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన రెండో విడతలో 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు రుణానికి, మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ. ఐదేళ్లు ఏడాదికొకటి చొప్పున వచ్చే కిస్తీల్లో మొత్తం 1.80 లక్షలు. వాయిదా బరువు తగ్గుతుంది, కాదనను. కానీ గడప దాటినవాడికే ఈ సాయం అందుతుంది. పైన చెప్పిన మూడున్నర లక్షలు ఎక్కడినుంచో తెచ్చుకున్నవాడికి ఇచ్చే బహుమతి ఇది.

అమెరికా ఈ విషయంలో వేరే దారి పట్టింది. టెక్సస్ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మొదటిసారి ఇల్లు కొనేవారికి రుణంలో 5 శాతం దాకా మొదటి సొమ్ము (డౌన్‌పేమెంటు) కిందే ఇస్తుంది. వడ్డీ లేని రెండో తనఖాగా రాసుకుంటారు. ఇల్లు అమ్మినప్పుడో, మరో రుణానికి మార్చుకున్నప్పుడో తిరిగి కడతారు. కొన్ని రాష్ట్రాల్లో ఇన్నేళ్లు ఆ ఇంట్లోనే కాపురముంటే మాఫీ కూడా ఉంది. ఆదాయ పరిమితి ఉంటుంది కనుక డాలస్ చుట్టూ స్థిరపడ్డ మన సాఫ్ట్‌వేరు కుటుంబాల్లో చాలామందికి ఇది దొరక్కపోవచ్చు. అక్కడ ‘మొదటిసారి’ అంటే గత మూడేళ్లలో సొంతిల్లు లేకపోవడం. పదేళ్ల కింద ఇల్లు పోగొట్టుకున్నవాడు మళ్లీ మొదటివాడే. మన దగ్గర దేశంలో ఎక్కడా, కుటుంబంలో ఎవరి పేరుమీదా పక్కా ఇల్లు ఉండకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తీరంలోని పట్టపుపాళేల్లో ఎప్పుడో హౌసింగులో బిల్లు పడిన ఇల్లు ఉప్పుగాలికి పెచ్చులూడి కూలిపోయినా, ఆధార్ కొడితే ఆ ఇల్లు కంప్యూటర్లో చెక్కుచెదరకుండా నిలబడే ఉంటుంది.

రెండోది టిడ్కో, పట్టణ పేదలకు ఫ్లాట్లు కట్టిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థది. మన రాష్ట్రంలో ఆ మొదటి సొమ్మునే సమస్యగా గుర్తించి లెక్కవేసిన పథకం, నాకు తెలిసినంతలో, ఇదొక్కటే. జి ప్లస్ త్రీ భవనాలు, 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. కేంద్రం వాటా ఇంత, రాష్ట్రం వాటా ఇంత, బ్యాంకు రుణం ఇంత, లబ్ధిదారుడు ముందు కట్టాల్సింది ఇంత అని మొదటే విడగొట్టారు. తొలి లెక్కలో ఆ వాటా 300 అడుగులకు 500 రూపాయలు, 365కు 50 వేలు, 430కి లక్ష. ప్రభుత్వం మారాక 300 అడుగుల ఇల్లు ఒక్క రూపాయికే అన్నారు. మిగతా రెంటికీ వాటాను సగానికి దించి 25 వేలు, 50 వేలు చేశారు. రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రభుత్వమే భరించింది. రాజకీయం పక్కన పెడితే, రెండు ప్రభుత్వాలూ వేలు పెట్టి చూపించింది ఒకే చోట: మనిషి ఆగిపోయే చోట. మొదటి సొమ్ముకు సాయం అంటే టెక్సస్‌లో ఏమిటో నెల్లూరు అల్లీపురం, వెంకటేశ్వరపురం బ్లాకుల్లోనూ అదే.

మరి అంత మంచి ఆలోచన ఎందుకు అపహాస్యమైంది? 2019 ఎన్నికలకు ముందే డీడీలు కట్టినవాళ్లు తాళాల కోసం ఏళ్లు ఎదురుచూశారు. ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు నుంచి వాయిదా నోటీసులొచ్చాయని లబ్ధిదారులు మొత్తుకున్న వార్తలు జిల్లా జిల్లాలోనూ వచ్చాయి. ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న డీడీ జిరాక్సు మడతల దగ్గర చిరిగి, అంకెలు అరిగి, పేరు మాత్రం మిగిలిన కాగితాన్ని నేనూ చూశాను. గడప దగ్గర సాయం చేసి, తలుపు తియ్యడం మర్చిపోయారు.

తీరం మనుషులకు ఇంకో చిక్కు. వలలు, తెడ్లు, ఇంజను, ఎండుచేపల తట్టలు మూడో అంతస్తుకు ఎక్కవు. మైపాడు నుంచో జువ్వలదిన్నె నుంచో వేకువన సముద్రంలోకి దిగేవాడికి టౌను అంచున ఫ్లాటు ఇస్తే అది అద్దెకిచ్చే ఆస్తి అవుతుందే గాని కాపురముండే ఇల్లు కాదు. ఇంతా చెప్పి, ఒకటి ఒప్పుకోవాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఎరిగినవాళ్లకు, గోడలన్నీ కాంక్రీటుతో పోసిన షియర్‌వాల్ కట్టడం ఎంత భరోసాయో వేరే చెప్పక్కర్లేదు.

వాయిదా సంగతీ ఉంది. బ్యాంకు వాయిదాకు నెలనెలా తేదీ ఉంటుంది, సముద్రానికి ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతి 10 వేల నుంచి 2025లో 20 వేలకు పెరిగింది. అందులో రెండు వాయిదాలు పోగా మిగిలేదానితో ఇల్లు నడవాలి. పడవ మీద వచ్చే పాలుకు జీతం స్లిప్పు ఉండదు కాబట్టి అసలు రుణమే పుట్టడం కష్టం.

ఇక మూడోది, స్థలమిచ్చి ఇల్లు కట్టుకోమనే పథకం. 2020 డిసెంబరు 25న మొదలైంది. స్థలం ఉచితం, ఇంటికి 1.80 లక్షలు, ఇసుక ఉచితం, పొదుపు సంఘం ద్వారా పావలా వడ్డీకి 35 వేలు. కాగితం మీద దీనికి మొదటి సొమ్మే అక్కర్లేదు. లేఅవుటులోకి వెళ్తే సంగతి తెలుస్తుంది. బిల్లు పడేది పని పూర్తయిన మట్టాన్ని బట్టి: బేస్‌మెంటు, రూఫ్ లెవెల్, స్లాబు. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చి ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే కదలిక. అంటే పునాది తవ్వి, రాయి కట్టి, బెల్టు పోసి, మట్టి నింపే దాకా సొమ్మంతా పేదవాడిదే. ఇందుకూరుపేట వైపు ఒక లేఅవుటులో ఒక పెద్దమ్మ నాతో అన్న మాట ఏ కాగ్ నివేదికకూ తీసిపోదు: “బేస్‌మెంటు లేపితేనే బిల్లంటారు. బిల్లొస్తేనే గదా అబ్బయా, బేస్‌మెంటు లేచేది!”

ఆ లేఅవుటులో చాలా పునాదుల మీద పిల్లరు చువ్వలు మొలిచి ఉన్నాయి. నేలమట్టం దగ్గర ఎర్రగా పొర లేచి, చేత్తో రాస్తే పొడి రాలుతోంది. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఆగిన ప్రతి నెలా చువ్వ సన్నబడుతుంది. చివరికి ఆపైన స్లాబు పోసినా ఆ బలహీనత లోపలే ఉంటుంది. లోతట్టు స్థలాలైతే గ్రావెలు తోలకం అదనం. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారే తెగిపోయిన జిల్లాలో మెరక చేసుకోవడం విలాసమేమీ కాదు, ఆ ఖర్చు మాత్రం ఏ మట్టంలోనూ లెక్కకు రాదు. పోనీ అప్పు చేద్దామంటే, ప్రభుత్వమిచ్చిన డీకేటీ పట్టాను తనఖా పెట్టుకుని రుణమిచ్చే ప్రైవేటు బ్యాంకు ఏది? 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం పేదవాడి స్థలాన్ని కొనుగోలుదారుల నుంచి కాపాడింది, ప్రైవేటు బ్యాంకునూ అంతే దూరంలో నిలబెట్టింది. మిగిలింది నూటికి మూడు రూపాయల వడ్డీ.

సారా వ్యతిరేక ఉద్యమం 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచింది. ఇంటి కథకు దానితో సంబంధం ఉంది.

ఎందుకంటే, సారా మీద తిరగబడిన ఆ ఊళ్లలోనే, ఆ ఊపులోనే, జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకో రూపాయి. మగవాడు సారా దుకాణంలో పారేసే రూపాయిని ఆడది సంఘంలో వేసింది. నెల్లూరు జిల్లాలో మొదటి సొమ్ము సాయం అనదగింది ఏదైనా ఉంటే, అది ఏ గృహనిర్మాణ శాఖా ఇచ్చింది కాదు, ఈ సంఘం ఇచ్చే అప్పే. టిడ్కో డీడీ తియ్యాలన్నా, పునాదికి రాయి తోలించాలన్నా చాలా ఇళ్లలో చివరికి సంతకం పెట్టేది పదిమంది ఆడవాళ్లు. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లలో కూడా 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంటు లేచాకే ఇస్తారు. పునాదే వెయ్యలేనివాళ్లు ఎక్కువగా తేలేసరికి మహిళా సంఘాల ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పించాల్సొచ్చింది. అక్కడా ప్రభుత్వం ఎదురుచూసే పునాదికి పెట్టుబడి ఆడవాళ్ల హామీయే.

ముందే సొమ్ము చేతిలో పెడితే దుబారా అవుతుందన్న వాదన ఒకటుంది. కొట్టిపారెయ్యదగింది కాదు. అమెరికాలో ఇల్లు అమ్మేవాడే దొడ్డిదారిన మొదటి సొమ్ము సమకూర్చే ఏర్పాట్లలో ఎగవేతలు పెరిగి, 2008లో చట్టం చేసి ప్రభుత్వ బీమా రుణాల్లో వాటిని నిషేధించారు. అమ్మేవాడు ఆ సొమ్మును ధరలో కలిపేసేవాడు. కానీ అక్కడ నిషేధించింది అమ్మేవాడి సొమ్మును. రాష్ట్ర శాఖల సాయం కొనసాగింది. ఇక్కడ సొంత స్థలంలో తన ఇల్లు తనే కట్టుకునే మనిషికి ధర పెంచే అమ్మకందారే లేడు. ఫోటో అడగండి, తప్పులేదు. మొదటి ఫోటో ముగ్గు పోసిన రోజు తీస్తే చాలు.

ఇది కొత్త కోరికేమీ కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగంలో మొదటి కిస్తీ ఇల్లు మంజూరైన వారం రోజుల్లోగా, పునాది తవ్వకముందే, లబ్ధిదారు ఖాతాలో పడాలని నిబంధన రాసే ఉంది. అదే కేంద్రం, అదే పేరు, పట్టణానికి ఒక లెక్క, పల్లెకు ఒక లెక్క. నెల్లూరు తీరంలో మళ్లీ కొత్తగా స్థలాలు, కొత్తగా 4 లక్షల మాట నడుస్తోంది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనమనీ 2025లో ఉత్తర్వులొచ్చాయి. ఆ అదనపు సొమ్మును ఏ మట్టం దగ్గర విడుదల చేస్తారో అడగాలి. ఎస్టీలైన యానాదుల కుటుంబానికి వచ్చే ఆ 75 వేలు స్లాబు పోశాక పడితే అప్పటికే తెచ్చిన వడ్డీ అప్పులోకి పోతాయి. ముగ్గు పోసిన నాడు పడితే పునాది రాయి అవుతాయి.