గోడమీది అక్షరాలు

పాఠ్యపుస్తకాలను మనం విమర్శిస్తాము. గోడకు వ్రేలాడే అక్షరమాల పటాన్ని మాత్రం ఎవరూ విమర్శకు తీసికొనరు. అ–అమ్మ, ఆ–ఆవు, ఏ–ఏనుగు, ఓ–ఓడ. మన తాతలు చూచినదీ, మన పిల్లలు చూస్తున్నదీ ఇదే వరుస. పుస్తకం సంచిలో ఉంటుంది; పటం రోజంతా కన్నుల యెదుట ఉంటుంది. అంతసేపు ఎదురుగా ఉండే వస్తువు ఏమి నేర్పుతున్నది అని అడుగుట అనుచితం కాదు.

అడుగవలసిన అగత్యం కూడ ఉన్నది. 2024 నాటి అసర్ సర్వేలో దేశంలోని గ్రామాల మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదువగలిగినవారు నూటికి 27 మంది మాత్రమే. తక్కిన 73 మంది గోడల మీదకూడ పటాలున్నవి గదా!

ఉపాధ్యాయుడే పటాలు తయారుచేయాలన్న ఆలోచన మన ప్రాంతానికి క్రొత్తది కాదు. 1980ల నడుమ బ్రిటిషు సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలను ప్రకటించినది. పరిసరాలలోని వస్తువులతో బోధించుట వానిలో ఒకటి. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించుట మరొకటి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డి.పి.ఇ.పి.) మొదటి విడతలోనే కరీంనగరు జిల్లాకు వచ్చినది. దాని క్రింద బోధన సామగ్రి కొరకు ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. 2022లో తెలంగాణలో తొలిమెట్టు మొదలైన తరువాత బోధన సామగ్రి మేళాలు మళ్ళీ ఊపందుకొన్నవి. ఇంతవరకు మెచ్చుకోదగినదే. అయితే ‘పిల్లల పని’ అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయినది. ఉపాధ్యాయుడు రాత్రి ఇంటివద్ద కూర్చుండి రంగు కాగితాలు కత్తిరించి అతికిస్తాడు. మేళాలో పరీక్షకులు మెచ్చుకొంటారు. ఆ తరువాత పటం చిరగకుండ బీరువా మీదికి చేరుతుంది. దాని అందం పరీక్షకుని కొరకు ఏర్పడినది, పిల్లవాని కొరకు కాదు.

ఇక పటం లోపలికి వత్తము. బొమ్మ అక్షరాన్ని జ్ఞాపకం ఉంచుతుందన్న నమ్మకం మీద ఇది నిలిచి ఉన్నది. ఈ నమ్మకాన్ని 1984లో అమెరికాలో లిన్నియా ఏరీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు పరీక్షించినారు. ఒక జట్టు పిల్లలకు అక్షరం ఆకారమే బొమ్మలో ఇమిడినట్లు చూపినారు: పువ్వు కాడ, ఆకులు కలిసి ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరమైనట్లు. మరొక జట్టుకు పువ్వు బొమ్మ వేరుగాను, అక్షరం వేరుగాను చూపినారు. మొదటి జట్టువారు బాగుగా నేర్చుకొన్నారు. రెండవ జట్టువారు బొమ్మలే లేకుండ నేర్చుకొన్నవారికంటె మెరుగుగా లేరు. మన అమ్మ, ఆవు, ఓడ అన్నీ ఆ రెండవ తరగతికి చెందినవే. ఆవు బొమ్మలో ‘ఆ’ ఆకారం ఏ మూలనూ లేదు. పిల్లవాడు బొమ్మను చూచి ‘ఆవు’ అంటాడు, మనం చదివినాడని సంతోషిస్తాము.

తెలుగులో ఆకారాన్ని బొమ్మలో ఇమడ్చుట సాధ్యమేనా? కొంతవరకు సాధ్యమే. మన పల్లెలలో కోడిపిల్లలను కమ్మే గంపను చూడండి. బోర్లించిన గంప, పైన చిన్న పిడి: అదే ‘గ’. గుండ్రని జొన్నరొట్టె ‘ర’. ఆ రొట్టె నడుమ ఒక చుక్క పెడితే ‘ఠ’ అవుతుంది. అన్ని అక్షరాలకు ఈ ఉపాయం సాగదు. ‘ణ’, ‘క్ష’ వంటి వానికి బలవంతంగా బొమ్మలు కల్పించడం కంటె ఊరకుండుట మేలు.

గుణింతం సంగతి మరీ ఆశ్చర్యకరం. పిల్లవానికి అసలు కష్టం వర్ణమాల దగ్గర కాదు, గుణింతం దగ్గర. మన లిపికి తోబుట్టువైన కన్నడం చదివే పిల్లలను పరిశీలించి, అక్షరాలన్నీ పట్టుబడడానికి కొన్ని సంవత్సరాలు పడుతుందని సొనాలి నాగ్ 2007లో చూపినది. కాని మన పూర్వులు గుణింతపు గుర్తులకు పెట్టిన పేర్లు వినండి: తలకట్టు, గుడి, కొమ్ము, సుడి. ఇవి పేర్లు కావు, బొమ్మలు! ‘కి’ నెత్తిన గుడి ఉన్నది, ‘కు’ ప్రక్కన కొమ్ము ఉన్నది. ఇంత చక్కని సామగ్రి నోటిలో ఉంచుకొని, గుణింతాన్ని గళ్ళలో వ్రాసి వ్రేలాడదీస్తున్నాము. కొమ్మును ఎద్దుకొమ్ముగా గీచిన పటం అంగడిలో నాకు ఇంతవరకు కనబడలేదు.

బొమ్మ సరియైనదైనా మాట పిల్లవానిది కాకపోతే మరల చిక్కే. ఆదిలాబాదు పిల్లవాడు ఓడను ఎక్కడ చూస్తాడు? కరీంనగరు వైపు ‘ఓ’ అంటే ఓదెల మల్లన్న గుడి చాలు. ‘ఇ’కి ఇప్పపువ్వు, ‘త’కు తంగేడు లేక తునికాకు, ‘మ’కు మక్కకంకి ఉండనే ఉన్నవి. గోండు పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునైనది. 1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనప్పుడు, దేవనాగరి లిపిలో గోండి వాచకాలను తయారుచేసి, తల్లిభాషతోనే చదువు ప్రారంభించినారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కొలామి మొదలైన 8 భాషలలో తెలుగు లిపితో ఆ పనినే మరల తలపెట్టినది. గోండిలో నీటిని ‘ఏర్’ అంటారు. తెలుగులో ‘ఏరు’ పారే నీరు. పటంలో ‘ఏ’ ప్రక్కన ఏనుగును తీసి ఏరును గీస్తే ఇద్దరు పిల్లలకూ ఒకే బొమ్మ పనిచేస్తుంది. ఖర్చు ఏమీ లేదు.

పటాల సంఖ్య గురించి కూడ ఒక మాట. 2014లో పిట్స్‌బర్గులో అన్నా ఫిషర్ బృందం 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు గోడలనిండ పటాలున్న గదిలోను, కొన్ని బోసి గదిలోను చెప్పించినది. నిండు గదిలో నూటికి 42, బోసి గదిలో 55 సరియైన జవాబులు వచ్చినవి. ఇరువదినలుగురితో చేసిన ప్రయోగం గనుక దీనిని శాసనంగా తీసికొనరాదు. పైగా ఆ పటాలకు పాఠంతో సంబంధం లేదు. అయినా, జూనులో వ్రేలాడదీసి ఏప్రిల్ దాక కదలించని మన పటాలుకూడ రెండు వారాలలో అట్టివే అవుతవి.

కళాశాలలో పువ్వు నిలువుకోతను అచ్చుబొమ్మలాగ గీచి, మరునాడు పువ్వును చేతికిస్తే కీలాగ్రం చూపలేని విద్యార్థులను ఏటా చూస్తున్నాను. ఎదుట సిద్ధంగా ఉన్న బొమ్మ, జ్ఞాపకం చేసికొనే శ్రమను తప్పిస్తుంది. ఆ శ్రమే చదువును నిలుపుతుంది. అందుచేత పటాన్ని పాఠం నడుస్తుండగా, పిల్లలు మాటలు అందిస్తుండగా, వారి యెదుటనే గీయవలెను. వారం తరువాత బొమ్మను కాగితంతో కప్పి అక్షరాన్ని అడుగవలెను, చెప్పగలిగిననాడు పటాన్ని తీసివేయవలెను. దీనికి రంగుల అట్ట అక్కరలేదు. పాత పత్రిక వెనుకవైపు, బొగ్గుముక్క చాలును. ఒక్క ఉపాధ్యాయుడే ఐదు తరగతులు చూచుకొనే బడిలో ఇది కష్టమంటారు. కష్టమే, కాని మేళా కొరకు మేలుకొన్న రాత్రులకంటె ఎక్కువ కాదు.

నార్నూరు మండలంలోని గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడులో స్థానం లభించినది. ఇక ఆ అక్షరాలతోకూడ పటాలు అచ్చువేయడం సులభం. తెలుగు పటంలోని అమ్మనూ, ఆవునూ, ఓడనూ అట్లే దించి అక్షరాలు మాత్రం మార్చినట్లయితే, ఈ లోపాలన్నీ ఆ లిపికికూడ సంక్రమిస్తవి.